ముట్టుకోవచ్చని చెప్పినవాళ్ళు

అమ్మ పోయాక ఇంటికి వచ్చినవాళ్ళంతా నన్ను ఒకటే అడిగేవాళ్ళు, పైచదువుకు ఏం తీసుకుంటావు అని. కాఫీనా టీనా అన్నట్టే అడిగేవాళ్ళు. నేనూ అలాగే, ఏదైనా పరవాలేదు అనేదాన్ని. మర్యాదకు అన్న మాట కాదది. నిజంగానే నాకు అన్నీ ఒకటిగానే కనిపించేవి.

కర్నూలు దగ్గర ఒక ఆడపిల్లల మదరసాలో ఆలిమా చదువు ముగించాను. మతశాస్త్రంలో డిగ్రీ లాంటిది అనుకోండి. దాని పైన హైదరాబాదులో రెండేళ్ళ చదువు ఉంది. అక్కడ అన్నీ కలిపి చెప్పరు, ఒక్కటే ఎంచుకోవాలి. ఖురాన్ వ్యాఖ్యానం ఒకటి. ప్రవక్త గారి మాటలు ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వచ్చాయో పరీక్షించి చదివే హదీసు ఒకటి. దేవుడు ఎలాంటివాడు, మనిషి చేతిలో ఏముంది, మంచివాళ్ళకు కష్టం ఎందుకొస్తుంది, ఈ వాదాలన్నీ చదివే అఖీదా ఒకటి. ఇంకొకటి ఫిఖ్, అంటే ఏది చెయ్యొచ్చు, ఏది కూడదు అని చెప్పే ధర్మశాస్త్రం. రంజాన్ పండుగ దాటగానే సీట్లు ఇస్తారు కాబట్టి ఆ లోపల నేను ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఆ ఏడాదికి లేదు. మా ఇళ్ళలో ఆడపిల్ల చదువు ఒక ఏడాది ఆగిందంటే ఆగిపోయినట్టే.

అమ్మ ఉన్నప్పుడైతే ఈ చిక్కే లేదు. అఖీదా తీసుకుంటానని నేను ఎప్పుడో తేల్చుకున్నాను. ఫిఖ్ పాఠం అంటే నాకు ఆవలింతలు వచ్చేవి. బావిలో పిల్లి పడి చస్తే ఎన్ని బొక్కెనల నీళ్ళు తోడిపోస్తే బావి శుద్ధి అవుతుందో ఒక పూటంతా చదివించారు. మాది యాడికి మండలం, ఆ దిక్కు బావుల్లో పిల్లి పడితే కాళ్ళు విరుగుతాయి గానీ ఒళ్ళు తడవదు. తోడడానికి నీళ్ళెక్కడివని నేను అడిగితే క్లాసంతా నవ్వింది, మా ఆపా తప్ప. ఆపా అంటే మా టీచరు. ఆమె నవ్వకుండా, నీళ్ళు ఉన్న ఊళ్ళ కోసం చదువు అన్నది.

దేవుని న్యాయం గురించి చదవాలని నాకు ఉండేది. సెలవులకు వచ్చినప్పుడు అమ్మతో అదే చెప్పేదాన్ని. అమ్మ రాగిపిండి జల్లెడ పడుతూ వినేది. ఒకసారి చేతులు దులుపుకుని నా మొహం చూసింది.

"దేవునితో నీకేం పంచాయితీ పాపా? వానలు యాల పడలేదని నిలదీస్తావా? నిలదీసే కాడికి నన్నూ తోలుకపో. నేనూ రెండు అడిగేటివి ఉండాయి."

అవి ఏమిటో చెప్పలేదు, నవ్వి మళ్ళీ జల్లెడ పట్టుకుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఆ సామెత నా కోసమే పుట్టిందని కూడా అన్నది. మా అమ్మకు నన్ను ఏడిపించడంలో తృప్తి ఉండేది.

మేము దూదేకులవాళ్ళం. నాయన దూది ఏకుతాడు, పరుపులు కుడతాడు. నమాజు అరబ్బీలో, దేవుణ్ణి అడుక్కునే దువా తెలుగులో, తిట్లు అచ్చ తెలుగులో. ఉర్దూ మాట్లాడేవాళ్ళకు మేము సగం సాయిబులం, మిగతా ఊరికి పూర్తి సాయిబులం. రెంటికీ చెడ్డ రేవడిలా ఉంటామని మా మామకు దిగులు. మామ అంటే అమ్మకు అన్న. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం. అక్కడికి పోయి ఉర్దూ నేర్చుకున్నాడు, మసీదు కమిటీలో చేరాడు, మమ్మల్ని దారిలో పెట్టాలని పట్టుబట్టాడు. నన్ను మదరసాలో చేర్పించింది ఆయనే. చెడ్డవాడు కాదు. మా చదువులేనితనానికి మా కంటే ఎక్కువ సిగ్గుపడేవాడు, అంతే.

మా ఇంటిది ఇంకొక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరు పోయినా, ఏ కులం వాళ్ళయినా, ముక్కుల్లో పెట్టే దూది మా ఇంటి నుంచే పోతుంది. దాన్ని నాయన మిషన్లో వెయ్యడు. కొత్త దూది తీసుకుని, కూర్చుని, వేళ్ళతో పోగు పోగుగా విడదీస్తాడు. పాత పరుపులోని దూది అందుకు పనికిరాదు. ఎవరైనా పోయారని కబురు రాగానే ఏ పని మీద ఉన్నా చేతులు కడుక్కుని దూది బస్తా దగ్గరికి పోతాడు. పోయినవాళ్ళ పేరు కూడా అప్పుడు అడగడు.

నేను చదువు ముగించి ఇంటికి వచ్చాక, చలికాలంలో ఒక పొద్దున అమ్మ సంగటికి ఎసరు పెట్టి, పొయ్యి ముందర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. గుండె అన్నారు. నాయన ఎప్పటి లాగే చేతులు కడుక్కుని బస్తా దగ్గరికి పోయాడు.

అమ్మకు స్నానం చేయించింది నేనే. ఆడవాళ్ళకు ఆ పని పుస్తకం ప్రకారం తెలిసినదాన్ని ఊళ్ళో నేనొక్కదాన్నే. మా మేనత్త, పక్కింటావిడ సాయం పట్టారు. ఆ రోజు ట్యాంకరు రాలేదు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో బిందె తెచ్చి మా వాకిట్లో దించిపోయారు. ఆ నీళ్ళలో రేగాకు వేసి కాచాము. కుడి పక్క ముందు, ఎడమ పక్క తర్వాత, చివరి నీళ్ళలో కర్పూరం. నా చేతులు పాఠం అప్పజెప్పినట్టు పని చేసుకుంటూ పోయాయి. అమ్మ కాలి మడమల పగుళ్ళలో ఎర్రమన్ను ఉంది. రుద్దితే పోలేదు, వదిలేశాను. నాకు ఏడుపు రాలేదు. మేనత్త నా వీపు నిమిరి, గట్టి గుండె తల్లీ అన్నది. గట్టిది కాదు, మొద్దుబారిపోయింది. ఆ తేడా చెప్పే ఓపిక కూడా నాకు లేదు.

కఫన్ గుడ్డ చుట్టి, ఆఖరు చూపుకు మొహం మాత్రం తెరిచి పెట్టాము. మగవాళ్ళలో దగ్గరివాళ్ళు లోపలికి వచ్చారు. నాయన వచ్చి అమ్మ తల దగ్గర గొంతుకూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ నుదుటి మీదికి చెయ్యి చాపాడు.

"బావా, ముట్టుకోగూడదు," అన్నాడు మామ. గట్టిగా అనలేదు, చెవిలో చెప్పినట్టే అన్నాడు. "పాణం పోతానే పెండ్లి తెగిపోతాది. సూడొచ్చు, ముట్టుకోగూడదు."

నాయనకు అర్థం కాలేదు. మామ నా వైపు తిరిగి, పాప చదివింది కదా, ఆమెనే అడగమన్నాడు. నాయన నన్ను చూశాడు. గదిలో అందరూ నన్నే చూశారు. నేను చదివింది కూడా అదే. పుస్తకంలో ఆ పుట కుడివైపా ఎడమవైపా అనేది కూడా నాకు గుర్తుంది. అవునని తల ఊపాను.

నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక తన గడ్డం నిమురుకున్నాడు. వేళ్ళకు ఇంకా దూది పోగులు అంటుకుని ఉన్నాయి. గోరీల దగ్గర కూడా అమ్మను లోపలికి దించింది మామ, ఆయన తమ్ముడు. నాయన గట్టు మీద నిలబడి, అందరితో పాటు మన్ను వేశాడు.

తర్వాత రంజాన్ నెల వచ్చింది. మా దిక్కు ఎండ అప్పటికే మొదలవుతుంది. ఒక్కపొద్దులు ఉన్నాను, నమాజు మానలేదు, ఖురాన్ రోజూ చదివాను. అన్నీ చేశాను, ఏదీ మనసుకు అంటలేదు. అఖీదా పుస్తకం తీసి, కష్టం ఎందుకొస్తుంది అన్న అధ్యాయం తెరిచి, చదివిన పుటనే మళ్ళీ చదివేదాన్ని. దేవుని మీద కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపం కూడా ఒక సంబంధమే కదా. దేవుడు న్యాయవంతుడేనా అని ఒకప్పుడు తిండి మాని వాదించినదాన్ని. ఇప్పుడు ఆయనే ఎదురుగా వచ్చి జవాబు చెబుతానన్నా, ఇప్పుడు వద్దులే స్వామీ అని ఉండేదాన్ని.

ఆడవాళ్ళు మాత్రం నా దగ్గరికి ప్రశ్నలు తెచ్చేవాళ్ళు. శెనక్కాయలు ఒలిచేటప్పుడు దుమ్ము గొంతులోకి పోతే ఒక్కపొద్దు పోతుందా? పోదు. పసిబిడ్డకు పాలిచ్చే తల్లి మానొచ్చా? మానొచ్చు, తర్వాత తీర్చుకోవాలి. కంట్లో మందు వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఇన్నేళ్ళ చదువు దీనికేనా అనిపించేది. జవాబు వినగానే వాళ్ళ మొహాలు తేలికపడేవి. నేను చూసేదాన్ని గానీ నాకు ఏమీ అనిపించేది కాదు.

ఆపా ఫోన్ చేసి ఫిఖ్ తీసుకోమన్నది. మీ దిక్కు ఆడవాళ్ళు నోరు తెరిచి అడగడానికి ఒక్క ఆడమనిషి లేదు, నీకు జ్ఞాపకశక్తి ఉంది, ఇంకేం కావాలి అన్నది. మామ కూడా అదే అన్నాడు. ఫిఖ్ చదివి వస్తే గుంతకల్లులో ఆడపిల్లలకు క్లాసు పెట్టిస్తానన్నాడు. సరే, గుంపులో గోవిందా అనుకుని ఆ మాటే చెప్పేద్దామని ఫోన్ తీసేదాన్ని, మళ్ళీ పక్కన పెట్టేదాన్ని. చెప్పడానికి కూడా ఒక పిసరు ఇష్టం కావాలి. నాయన ఒక్కడే నన్ను ఏమీ అడగలేదు.

మా ఊళ్ళో పోయినవాళ్ళ పడక ఇంట్లో ఉంచుకోరు. ఫకీరుకు ఇస్తారు, లేకపోతే ఊరి బయట పడేస్తారు. అమ్మ పరుపు అటక మీదే ఉండిపోయింది. మేనత్త రెండు మూడుసార్లు గుర్తు చేసింది. నాయన చూద్దాంలే అనేవాడు. పండుగ దగ్గర పడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆయనే దాన్ని దించి వసారాలో పరిచాడు. కత్తెరతో కుట్లు తెంపి, లోపలి దూదిని బయటికి లాగడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి పడుకున్న పరుపు కాబట్టి దూది పలకలు కట్టి ఉంది. మిషన్లో వేస్తే నిమిషం పని. ఆయన మిషన్ జోలికి పోలేదు. ముద్దలు తీసుకుని వేళ్ళతో విడదీస్తున్నాడు. పోయినవాళ్ళ ముక్కులో పెట్టే కొత్త దూదిని విడదీసే పద్ధతి అది. పాత పరుపుకు ఎవరూ అలా చెయ్యరు.

నేను పోయి ఎదురుగా కూర్చుని ఒక ముద్ద తీసుకున్నాను. కాసేపటికి ఆయన తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"పాపా, దీన్నన్నా ముట్టుకోవచ్చునా? దీనిక్కూడా ఏమన్నా ఉండాదా?"

ఎగతాళి అనుకున్నాను. ఆయన చేతులు ఆగేసరికి కాదని తెలిసింది.

"మీయమ్మతో ఇన్నేండ్లు సంసారం జేసినా. పొద్దున పాణం పోయినాది, మద్దేనానికి నేను పరాయోణ్ణి అయిపోయినానా? యాడ రాసిండాదో నాకు సూపీ."

నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియదు. కానీ అమ్మ పోయిన తర్వాత నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు. లేచి లోపలికి పోయి పుస్తకం తీశాను. ఆ పుట నేను అనుకున్న వైపే ఉంది. ఒక్కటే వాక్యం. చావుతో నికా ముగుస్తుంది కాబట్టి భర్త చూడవచ్చు, తాకరాదు. పరీక్షకు ముందు దాని కింద పెన్సిలు గీత కూడా గీసుకున్నాను. ఆ వాక్యం ముందూ వెనకా చదివాను, అంచుల్లో రాసినవి చదివాను. ఇంకేమీ లేదు. ఇంతేనా, ఇంకెవరూ ఇంకేమీ అనలేదా అనే ఆరాటం నాకు పట్టుకుంది.

ఆపాకు వాయిస్ మెసేజ్ పెట్టాను. మరుసటి పొద్దున జవాబు వచ్చింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెప్పినట్టే చెప్పింది. ధర్మశాస్త్రంలో నలుగురు ఇమాములవి నాలుగు దారులు, మన ఇమాము గారి దారిలో అంతే. మిగిలిన ముగ్గురు ఇమాముల దారుల్లో అలా కాదు. భర్త ముట్టుకోవచ్చు, స్నానం కూడా చేయించవచ్చు. ప్రవక్త గారి అల్లుడు తన భార్యకు తానే స్నానం చేయించారని వాళ్ళు చూపిస్తారు. దానికి మనవాళ్ళ జవాబు వేరే ఉంది. మనవాళ్ళు మన దారినే పోవాలి, అది వేరే మాట. చివర ఇంకో మాట అన్నది. మొదటి చదువులో పిల్లలు తికమక పడకూడదని ఒక్క దారే చెబుతాము, ఎవరెవరు ఏమేం అన్నారనేది పైచదువులో ఫిఖ్ తీసుకున్నవాళ్ళకే చెబుతాము.

ఆ మెసేజ్ నేను మళ్ళీ మళ్ళీ విన్నాను. అంటే ఆ రోజు ఆ గదిలో నేను చెప్పింది తప్పు కాదు. నాకు నేర్పింది కూడా తప్పు కాదు. నేర్పకుండా దాచి ఉంచిన భాగంలో మా నాయన చెయ్యి పట్టేంత చోటు ఉందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

నాయన వసారాలో కొత్త గుడ్డలో దూది నింపుతున్నాడు. పక్కన కూర్చుని చెప్పాను. ఆయన దూదిని మూలలకు తోస్తూ విన్నాడు.

"ముట్టుకోవచ్చని చెప్పినోళ్ళు కూడా ఉండారా?"

"ఉండారు నాయనా."

"పెద్దోళ్ళేనా?"

"చానా పెద్దోళ్ళు."

ఆయన దబ్బనంలోకి దారం ఎక్కించడానికి చూశాడు. రెండుసార్లు తప్పింది. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను.

"ఆ పొద్దు చెప్పకపోతివే," అన్నాడు.

కోపంతో అన్న మాట కాదు. కోపంతో అని ఉంటే తిరిగి ఏదైనా అనేదాన్ని.

"ఆ పొద్దు నాకు తెల్దు నాయనా."

ఆయన తల ఊపాడు. దబ్బనం పరుపులో దించి అవతలి నుంచి లాగాడు. ఇంక ఆ సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు.

అదే రోజు ఆపాకు ఫోన్ చేసి ఫిఖ్ అని చెప్పాను. ఆమె సంతోషపడింది. మామ గుంతకల్లు నుంచి ఖర్జూరాలు పంపించాడు. తన మాట విన్నానని ఆయన, తన మాట విన్నానని ఆపా. ఇద్దరినీ అలాగే అనుకోనిచ్చాను. కష్టం ఎందుకొస్తుందో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ లేదు. కష్టం వచ్చిన మనిషి చెయ్యి చాపినప్పుడు ఎవరో ఒకరు ఆపుతారు. ఆపే వాక్యం పక్కన వదిలేసిన వాక్యం ఏమిటో నాకు తెలిసి ఉండాలి. అంతకు మించి నాకు ఆ చదువు మీద ఆశ ఏమీ లేదు. అమ్మ ఉండి ఉంటే, చివరికి బావిలో పిల్లి దగ్గరికే వచ్చినావా అని ఏడిపించేది. ఆ మాట నేను అనుకోకుండానే అమ్మ గొంతుతో నా చెవిలో పడింది, తర్వాత చాలాసేపు పని చేయబుద్ధి కాలేదు.

పండుగ దాటిన వారంలో బయలుదేరాను. నాయనా నేనూ, ఆయన కుట్టిన పరుపు చుట్టతో, బస్సులో గుంతకల్లుకు వచ్చాము. మామ స్టేషన్లో మా కోసం నిలబడి ఉన్నాడు. పరుపు చుట్ట ఆయనే ఎత్తుకున్నాడు. పైగుడ్డ కొత్తదే గానీ బరువు చూసి దూది పాతదని పట్టేశాడు. ఎక్కడిదని నాయనను అడిగాడు. నాయన ప్లాట్‌ఫారం చివరికి చూస్తూ, దానిదే అన్నాడు. మామ చుట్టను కింద దించాడు.

"సచ్చినోళ్ళ పరుపు ఇంట్లోనే పెట్టుకోగూడదు బావా, పిల్లకిచ్చి పంపుతాండావా?" అని, అలవాటుగా నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పాపా."

నాయన కూడా నన్నే చూశాడు. అమ్మ తల దగ్గర చూసినట్టే చూశాడు.

"అట్లని యాడా లేదు మామా," అన్నాను. "అది మన ఊరోళ్ళు అనుకునే మాట. ధర్మంలో లేదు."

చదువు ఇంకా మొదలే కాలేదు, అప్పుడే తీర్పులా అని మామ నవ్వేశాడు. చుట్టను మళ్ళీ భుజానికి ఎత్తుకున్నాడు.

బండిలో నాది కింది బెర్తు. మామ నీళ్ళ సీసా కోసం దిగాడు. నాయన చుట్టను బెర్తు కిందికి తొయ్యబోయి, ఆగి, పైకి తీసి బెర్తు మీదే పరిచాడు. కుట్టు సరిగా ఉందా అని చూసేవాడిలా అంచులన్నీ తడిమాడు. తల వచ్చే వైపు అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు. మామ నీళ్ళు తెచ్చి కిటికీలోంచి నాకు అందించి, నాయన చేతిని చూసి, ఏదో అనబోయి మానుకున్నాడు. కూత వేసేదాకా నాయన ఆ చెయ్యి తియ్యలేదు. ఈసారి ఎవరూ వద్దనలేదు.